ఈ ముఖం ఎవరిది

పాత కంప్యూటర్ల కొట్టు గడ్డపాయన పెట్టె పక్కరేకు ఊడదీసి, లోపలికి ఉఫ్‌మని ఊదాడు. ఏ ఆఫీసువాళ్ళు ఎంతకాలం వాడి వదిలేశారో, లేచిన దుమ్ముకి ఇద్దరూ మొహాలు పక్కకి తిప్పుకున్నారు.

"ముందే చెబుతున్నా. ఇది పరిగెత్తే రకం కాదు, మోసే రకం. ఎంత వేస్తే అంత మోస్తుంది, కిక్కురుమనదు."

"నాకు కావలసిందీ అదే," అన్నాడు చిన్నోడు.

చిన్నోడికి తల సగం నెరిసింది. కాలిపోయిన మోటార్లకు తీగ చుట్టే కొట్టు నడుపుతున్నాడు. అయినా ఇంట్లో అన్న తర్వాత పుట్టినవాడు కాబట్టి చిన్నోడే. ఆ పిలుపు ఇంట్లోంచి బయల్దేరి బజారుదాకా వచ్చి అక్కడ కూడా స్థిరపడిపోయింది.

"ఏం వేస్తావేంటి ఇందులో?"

"ఇంటిల్లిపాది ఫోటోలూ, వీడియోలూ. ఎవరి ఫోన్లో వాళ్ళవి చెల్లాచెదురుగా ఉన్నాయి. మా అమ్మవి ముఖ్యంగా. ఈమధ్యనే పోయింది."

గడ్డపాయన ఆ తర్వాత బేరం సాగదీయలేదు. బల్ల కిందికి వంగి రెండు డిస్కులు బయటికి తీశాడు. "ఏదో బట్టల షాపులో కెమెరాలకి పెట్టినవి. ఇన్నాళ్ళూ దొంగల్ని రాసుకుంటూ కూర్చున్నాయి. ఇంకమీదట మీవాళ్ళని రాసుకుంటాయి. పెద్ద తేడా ఏం తెలియదులే వాటికి."

చిన్నోడు నవ్వాడు. చాలా రోజులకి నవ్వినట్టు చెంపలు పట్టేశాయి.

గడ్డపాయన రెండు డిస్కులూ తన బల్ల మీది మిషనుకి తగిలించి పరీక్ష పెట్టాడు. అది అయ్యేలోపు చిన్నోడు పెట్టెలోని పంకాని వేలితో తిప్పి చెవి దగ్గర పెట్టుకున్నాడు. గరగరమంది. ఊడదీసి జేబులో వేసుకున్నాడు. కొట్టుకి తీసుకెళ్ళి శుభ్రం చేసి నూనె చుక్క వేస్తే చాలు, కొత్తది కొననక్కర్లేదు.

"రెండూ ఒకటే రాసుకుంటాయి," అన్నాడు గడ్డపాయన తీగలు పీకుతూ. "ఒకటి చచ్చినా రెండోది ఉంటుంది. కానీ నువ్వు చేత్తో తుడిచేశావనుకో, రెండిట్లోనూ పోతుంది. అప్పుడు నా దగ్గరికొచ్చి మొహం వేలాడేసుకుని కూర్చుంటే నేను చేసేదేం లేదు."

"నేనెందుకు తుడుస్తాను," అన్నాడు చిన్నోడు.

ఇంటికొచ్చేసరికి వీధి గుమ్మంలోనే రంగు వాసన కొట్టింది. అన్న వారం రోజులు సెలవు పెట్టుకుని వచ్చి అమ్మ గదికి రంగు వేయిస్తున్నాడు. మంచం, పరుపు, చక్రాల కుర్చీ అన్నీ ఎవరికో ఇచ్చేశాడు. మందుల వాసన పోవాలని కిటికీలు బార్లా తీసి పెట్టాడు. ఇల్లు అన్న సొంతం. అతని ఉద్యోగం వేరే ఊళ్ళో. ఇల్లు ఖాళీగా ఉంటే పాడైపోతుందని చిన్నోణ్ణీ అతని భార్యనీ కొట్టు వెనక గదిలోంచి ఇక్కడికి రమ్మన్నాడు. వచ్చి నెల కాలేదు. చిన్నోడి భార్యకి వంటింట్లో ఏ డబ్బా ఎక్కడుందో ఇంకా చేతికి అలవాటు కాలేదు. పాత చెయ్యి సర్దినట్టే ఉంచేసింది.

చిన్నోడు పెట్టెని ఆ గదిలోనే, రంగు ఆరిన గోడవైపు, చిన్న బల్ల మీద పెట్టాడు. డిస్కులు రెండూ మరలు బిగించాడు. తీగలు గోడ వెంబడి తీసుకెళ్ళి ఇంటర్నెట్టు డబ్బాకి కలిపాడు. పెన్‌డ్రైవ్‌లో గడ్డపాయన ఊరికే ఇచ్చిన సాఫ్ట్‌వేర్ ఎక్కించాడు. మొదటిసారి మీట నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. రేకు మళ్ళీ తీసి చూస్తే ఒక తీగ వదులుగా ఉంది. అది నొక్కి పెట్టగానే పచ్చదీపం వెలిగింది.

అన్న గుమ్మానికి ఆనుకుని అంతా చూస్తున్నాడు.

"బాగానే కుదిర్చావురా చిన్నోడా. నా ఫోన్లోవి కూడా వేసుకో. కానీ ఒక్కమాట. దాని ఫోటో ఒక్కటి కూడా ఇందులో ఉండకూడదు."

'దాని' అంటే ఎవరిదో అడగక్కర్లేదు. అమ్మ పోయిన కొద్దిరోజులకే వదినతో విడాకుల కాగితాల మీద సంతకాలు పెట్టించుకున్నాడు. ఆవిడ తన బట్టల పెట్టె తీసుకుని వెళ్ళిపోయింది. పంపేశారని ఎవరూ అనలేదు. వెళ్ళిందనే అన్నారు.

"అన్నయ్యా, అమ్మ ఉన్నవాటిల్లో వదిన..."

"వదిన ఏంట్రా ఇంకా. అక్కడ నాకో సంసారం ఉందని నీకూ తెలుసు, ఊరికీ తెలుసు. రేపు ఆ మనిషి ఈ ఇంటికి వస్తుంది. టీవీ పెట్టగానే ఇది కనబడితే బాగుంటుందా? నువ్వే చెప్పు."

చిన్నోడు స్క్రూడ్రైవరు తుడిచి, తుడిచిందే మళ్ళీ తుడిచి, సంచిలో పెట్టాడు.

*

ఫోన్లన్నీ ఒక్కొక్కటీ కలిశాయి. పెళ్ళయి వేరే పేటలో ఉంటున్న చెల్లెలు తన ఇంట్లోంచే పంపింది. అన్నీ అయ్యాక చిన్నోడు అల్మరా సొరుగులోంచి అమ్మ ఫోను తీసి చార్జింగుకి పెట్టాడు. దానికి తాళం లేదు. అమ్మకి కుడివైపు పడిపోయాక అంకెలు నొక్కడం చేతకాదని వదినే తీసేసింది. అమ్మ ఫోనూ తన ఫోనూ రెండూ ఎందుకని ఏది తీయాలన్నా అందులోనే తీసేది.

అన్నిట్లోకీ ఎక్కువ సేపు పట్టింది ఆ ఫోనుకే. పొద్దున్న పెట్టి కొట్టుకి వెళ్ళి, మధ్యాహ్నం భోజనానికొచ్చి చూస్తే ఇంకా దిగుతూనే ఉంది. పెట్టె మీద చెయ్యి వేస్తే, పని చేసి వచ్చిన మనిషి ఒంటిలా వెచ్చగా ఉంది.

అన్నీ దిగాక పెట్టె తనంతట తనే ఇంకో పని మొదలుపెట్టింది. ఫోటోల్లోంచి ముఖాలు ఏరి, ఒక్కో ముఖాన్నీ గుండ్రటి గడిలో పెట్టి, కింద 'ఈ ముఖం ఎవరిది?' అని అడగసాగింది. టీవీకి తగిలించి చూస్తూ చిన్నోడు ఒక్కొక్కరి పేరే కొట్టాడు. అన్నయ్య. చెల్లి. తన ముఖం ఎక్కడో అడుగున వచ్చింది. భార్య వెనకే నిలబడి తడిచెయ్యి చీర కొంగుకి తుడుచుకుంటూ చూస్తోంది.

"నాదేది?"

"ఇదిగో. కళ్ళు మూసుకున్నావు."

"అన్నిట్లోనూ మూసుకునే ఉంటాను. మీరు తీసేముందు చెప్పరుగా."

ఆ తర్వాతి గడి అమ్మది. పక్క గడి వదినది. రెండు గడుల కిందా దాదాపు ఒకే లెక్క చూపిస్తోంది. అమ్మ ఎక్కడుంటే వదిన అక్కడుంది. చూడ్డానికొచ్చినవాళ్ళు తీసినవాటిల్లో అమ్మ వెనక దిండు సర్దుతూ, అమ్మ పాదాలు ఒళ్ళో పెట్టుకుని గోళ్ళు తీస్తూ, చెంచా పట్టుకుని. అల్మరా అద్దంలో సగమే పడ్డ ముఖాన్ని కూడా పెట్టె పట్టేసింది. కిటికీ అద్దం మీద నీడలా పడ్డదాన్ని కూడా పట్టేసింది.

"మా అక్కే," అంది భార్య. తోడికోడల్ని అలాగే పిలిచేది. "నీడని కూడా వదల్లేదు చూడండి ఇది."

చిన్నోడు ముఖం మీద నొక్కాడు. 'ఈ మనిషి ఉన్నవన్నీ దాచు' అనే మీట ఉంది. తుడిచేముందు దాచి చూద్దామనుకున్నాడు. నొక్కాడు.

తర్వాత అమ్మ గడి తెరిచాడు. అమ్మ బస్సు మెట్టు మీద. అమ్మ గొడుగు పట్టుకుని, గాలికి గొడుగు తిరగబడితే పగలబడి నవ్వుతూ. అమ్మ, చెల్లెలి ఇంట్లో నేల మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తూ. ఆ తర్వాత ఏమీ లేదు. అమ్మ మంచాన పడ్డ నాలుగేళ్ళూ తుడిచిపెట్టుకుపోయాయి. మిగిలినవల్లా కొన్ని వీడియోలు. కండరాలు పట్టేయకుండా చెయ్యీ కాలూ ఆడించే డాక్టరు రోజూ వీడియో పంపమన్నాడని తీసినవి. వాటిలో అమ్మ ఒక్కతే కనబడుతుంది. వదిన ఫోను పట్టుకుని వెనక ఉంటుంది.

అతను ఒకటి పెట్టాడు. "ఎత్తండి అత్తయ్యా, ఎత్తండి. ఊఁ. ఇంకొంచెం," అంది వదిన గొంతు.

భార్య వంటింట్లోకి వెళ్ళిపోయింది. కాసేపటికి అక్కడ గిన్నె మీద గిన్నె పడ్డ చప్పుడు.

*

మర్నాడు పొద్దున అన్న కాఫీ గ్లాసు పట్టుకుని గదిలోకొచ్చాడు. చిన్నోడు ముందు చిక్కుడుకాయల ఫోటో దాకా చూపించాడు. అన్న "భలే ఉంది, భలే ఉంది" అంటూ చూశాడు.

"తర్వాతవేవి?"

"ఇంతే అన్నయ్యా. ఆవిడ ముఖం తీసేస్తే ఇంతే. గొంతు కూడా వద్దంటే అసలు ఏమీ ఉండదు. అమ్మ జబ్బు పడటం, మనం చూడ్డానికి రావడం, ఏదీ ఉండదు."

"అదేంటి, అన్నిట్లోనూ ఎలా ఉంటుంది?"

"అన్నిట్లోనూ ఉంది కాబట్టి."

మాట కాస్త గట్టిగానే వచ్చింది. అన్న గ్లాసు కిటికీలో పెట్టాడు. చిన్నోడు చెయ్యెత్తే వీడియో ఒకటి పెట్టాడు. ఎంచి పెట్టింది కాదు. చేతికి అందింది పెట్టాడు.

అమ్మ మంచం మీద దిండ్లకి ఆనుకుని ఉంది. మూతి ఓ పక్కకి లాగి ఉంది. కుడిచెయ్యి దుప్పటి మీద పెట్టి మర్చిపోయినట్టు పడి ఉంది.

"ఎత్తండి అత్తయ్యా."

"చాల్లే అమ్మాయ్." అమ్మ మాట ముద్దముద్దగా ఉంది. "ఒళ్ళు హూనమైపోతోంది."

"ఇంకొక్కసారి. మీ పెద్దబ్బాయికి పంపిద్దాం. చూసి సంతోషిస్తాడు."

అమ్మ ఫోను వైపు చూసింది. కళ్ళు చిట్లించింది. ఆ చెయ్యి దుప్పటి మీంచి లేచింది, వణికింది, భుజం దాకా వెళ్ళి అక్కడ ఆగింది. అమ్మ దాన్ని దించకుండా, చెమట పట్టిన ముఖంతో ఫోనులోకే చూస్తూ, "చూశాడా?" అంది.

"చూస్తాడు అత్తయ్యా," అంది వదిన.

వీడియో అయిపోయింది. అన్న కిటికీ దగ్గరికి వెళ్ళి చాలాసేపు వీధిలోకి చూస్తూ నిలబడ్డాడు. గ్లాసులో కాఫీ మీద తొరక కట్టింది.

"సరే. ఉండనీ," అన్నాడు చివరికి, ఇటు తిరక్కుండానే. "అన్నీ ఉండనీ."

చిన్నోడు దాచినవన్నీ మళ్ళీ పైకి తెచ్చాడు. నాలుగేళ్ళూ ఒక్కసారి తెర మీద పరుచుకున్నాయి. వదిన గడి మళ్ళీ అమ్మ గడి పక్కనే వచ్చి కూర్చుంది. కింద ప్రశ్న అలాగే ఉంది.

"ఇక్కడ ఏమని పెట్టమంటావు?"

అన్న తెర వైపు చూసి, వెంటనే చూపు తిప్పేసుకున్నాడు. "పేరు వద్దు. ఆయా అని పెట్టు."

"అన్నయ్యా..."

"ఎవరైనా అడిగితే చెప్పడానికి ఏదో ఒకటి ఉండాలిగా. అమ్మని చూసుకుంది. ఆయా అంటే అబద్ధమేం కాదు. ఉంచమంటే ఉంచుతున్నా కదా, ఇంకా నన్ను లాగకు."

ఇంకా లాగితే ఉన్నది కూడా తెగుతుందేమో అనిపించింది చిన్నోడికి. కీబోర్డు దగ్గరికి జరిగాడు. చిన్న మాట. కొట్టడానికి ఎంతో సేపు పట్టలేదు.

సాయంత్రం భార్య గది ఊడుస్తూ తెర ముందు ఆగింది. చీపురు చంకలో పెట్టుకుని ఒక్కో గడి కిందా చదివింది.

"అందరికీ చుట్టరికం రాశారు," అంది. "ఆవిడకి మాత్రం ఉద్యోగం రాశారు."

"ఫోటోలు ఉంటున్నాయిగా. అదే గొప్ప. నీకేం తెలుసు ఎంత కష్టపడితే ఒప్పుకున్నాడో."

"నేనేమన్నాను," అని ఆవిడ గది మధ్యదాకా ఊడ్చి, మిగతా సగం వదిలేసి వెళ్ళిపోయింది.

*

వదిన ఒక లాండ్రీలో ఇస్త్రీకి కుదిరిందని చెల్లెలు ఎప్పుడో చెప్పింది. చిన్నోడు అమ్మవన్నీ ఒక చిన్న డిస్కులోకి ఎక్కించి, గుడ్డ సంచిలో పెట్టుకుని బయల్దేరాడు. దారి పొడుగునా ఏదో మంచి కబురు మోసుకెళ్తున్నట్టే ఉంది అతనికి.

లాండ్రీ వెనక భాగంలో పొడుగాటి రేకుల గది. ఆవిరి. లాడ్జీల నుంచి వచ్చిన తెల్ల దుప్పట్లు గుట్టలుగా పడున్నాయి. వదిన పెద్ద బల్ల దగ్గర నిలబడి, వేలు తడి చేసుకుని ఇస్త్రీపెట్టె అడుగున చురుక్కుమని ఆనించి చూసి, దుప్పటి మీద నడిపిస్తోంది. అతన్ని చూసి పెట్టెని నిలువుగా పెట్టింది.

"వదినా."

"ఇంకా వదినేంటి, సంతకాలయ్యాక."

"మరేమని పిలవను? పేరు పెట్టి పిలిస్తే తంతారు."

"తంతాను," అని నవ్వింది. "వచ్చినవాడివి ఊరికే నిలబడకు. ఆ కొస పట్టుకో."

ఇద్దరూ దుప్పటికి చెరో వైపు నిలబడ్డారు. విదిలించారు. మధ్యకి మడిచారు. ఆవిడ ఎదురొచ్చి తన కొసలు అతని చేతికిచ్చి, కింద మడత అందుకుని మళ్ళీ వెనక్కి వెళ్ళింది.

"మీ ఆవిడ ఎలా ఉంది? వంటింటి కుళాయి ఇంకా కారుతోందా?"

"కారుతూనే ఉంది."

"బలంగా తిప్పితే ఆగదది. కాస్త పైకి లేపి తిప్పమని చెప్పు."

ఆ దుప్పటి గుట్ట మీదికి చేరాక చిన్నోడు సంచిలోంచి డిస్కు తీశాడు. "అమ్మవి. మీరు తీసినవన్నీ ఉన్నాయి. మీకూ ఒకటి ఉండాలని."

ఆవిడ చేతులు తుడుచుకుని రెండు చేతులతో అందుకుంది. అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇంట్లో పెట్టెలో కూడా అన్నీ ఉంచాం వదినా. అన్నయ్య మొదట్లో ఒప్పుకోలేదు. చెయ్యెత్తే వీడియో చూశాక ఉండనీ అన్నాడు. మీరున్నవి కూడా. ముఖాలన్నీ అదే ఏరుతుంది. ఒక్కో ముఖం కింద ఎవరిది వాళ్ళకి..."

అక్కడ మాట మింగేశాడు. ఆవిడ ఇంకో దుప్పటి కొస అతని వైపు విసిరింది.

"నా ముఖం కింద ఏం రాశారు?"

అతను దుప్పటి అంచు కుట్టు వైపు చూశాడు.

"నిన్నే. ఏం రాశారు?"

"ఆయా అని."

దుప్పటి ఇద్దరి మధ్యా బిగువుగా ఉంది. వదలలేదు ఎవరూ.

"చెప్పిందెవరు?"

"అన్నయ్య."

"రాసింది?"

"నేనే."

వదిన తల ఊపింది. ఎదురుగా నడిచొచ్చి తన కొసలు అతని చేతుల్లో పెట్టబోయి, ఆగి చూసి, "మడత వంకర పోయింది. మళ్ళీ విప్పు," అంది. విప్పారు. మళ్ళీ విదిలించి, ఈసారి అంచుకి అంచు సరిపోయేలా మడిచారు.

"ఆయాకైతే జీతం ఇస్తారు కదా మరిదీ," అంది, గొంతు పెంచకుండా. "సెలవు కూడా ఇస్తారు."

"మార్చేస్తాను వదినా. ఇవాళే వెళ్ళి వదిన అని రాస్తాను."

"నువ్వు రాస్తావు. ఆయన మళ్ళీ మారుస్తాడు. రేపు ఆవిడొచ్చి సోఫాలో కూర్చుని ఈమె ఎవరండీ అంటుంది. ఎవరో ఒకరని చెప్పాలిగా. నేను ఎవరో ఒకర్ని కాను. నన్ను తీసెయ్యి."

"మిమ్మల్ని తీస్తే అమ్మ కూడా పోతుంది."

"ఎక్కడికీ పోదు. ఇదిగో, నా దగ్గరుంది." డిస్కుని అరచేత్తో తట్టింది. "గొంతు కూడా తీసెయ్యి. నేను మాట్లాడిందేదీ ఆ ఇంట్లో వినబడకూడదు."

"అమ్మ అందరిదీ కదా వదినా."

"అప్పుడు కూడా అందరిదే. ఎత్తి కూర్చోబెట్టేటప్పుడు మాత్రం గదిలో నేనొక్కదాన్నే ఉండేదాన్ని."

ముందు గదిలోంచి యజమాని ఎవరినో కేకేస్తున్నాడు. వదిన డిస్కుని ఇస్త్రీ చేసిన దిండు గలీబులో చుట్టి తన చేతిసంచి అడుగున పెట్టుకుంది.

"పెట్టుకుని చూడ్డానికి నా దగ్గర మిషనేం లేదు," అంది. "పర్వాలేదు. ఉండనీ. నువ్వు మాత్రం మాటిచ్చి వెళ్ళు."

అతను ఇచ్చాడు. ఆవిడ ఇస్త్రీపెట్టె అందుకుంది.

*

కొట్టు సెలవు రోజు మధ్యాహ్నం, అన్న ఏదో పని మీద బయటికి వెళ్ళాక చిన్నోడు పెట్టె ముందు కూర్చున్నాడు. ముఖం ఉన్నవి తీయడం ఒక్క నొక్కుతో అయిపోయింది. వీడియోల దగ్గరే చెయ్యి ఆడలేదు. మాట తీసేసి అమ్మని మాత్రం ఉంచుకోవచ్చేమో అనిపించింది. ఒకదాని శబ్దం పూర్తిగా కట్టేసి పెట్టి చూశాడు.

శబ్దం లేని గదిలో అమ్మ చెయ్యెత్తుతోంది. పెదాలు కదులుతున్నాయి. ఎవరో ఏదో అన్నట్టు ఆగింది. తర్వాత ఫోనుకి కాస్త పైన, దాన్ని పట్టుకున్న మనిషి ముఖంలోకి చూసి, ఆ లాగేసిన మూతితోనే నవ్వింది. అలా అమ్మ తనని చూసి నవ్విన జ్ఞాపకం చిన్నోడికి ఎంత వెతుక్కున్నా దొరకలేదు. సాయంత్రాలు కొట్టు కట్టేసి వచ్చి, కుర్చీలో కాసేపు కూర్చుని, "తిన్నావా అమ్మా" అని అడిగి వెళ్ళిపోయేవాడు.

"గొంతు తీసినా ఉందిగా ఆవిడ," అంది భార్య పక్కన పీట వేసుకుని కూర్చుంటూ.

"ఊఁ."

"మాటిచ్చి వచ్చారుగా."

ఒక్కొక్కటే తీశాడు. తీసేముందు ఒక్కొక్కటీ చివరిదాకా చూశాడు. భార్య లేవలేదు. చీకటి పడేముందు అమ్మ ఫోన్లో ఉన్నవి కూడా తుడిచి, చెత్తబుట్ట ఖాళీ చేశాడు. పెట్టెలోని పంకా కాసేపు జోరుగా తిరిగి, మళ్ళీ నెమ్మదించింది.

*

అన్న తిరిగి వెళ్ళే ముందురోజు చెల్లెల్ని పిలిపించాడు. అందరూ కొత్త రంగు వేసిన గదిలో టీవీ ముందు చేరారు. చెల్లెలు సోఫాలో కాళ్ళు పైకి పెట్టుకుని, "చిన్నన్నయ్యా, ముందు అమ్మది గొడుగు ఫోటో పెట్టు. దాని మీదే ఉంది నా ప్రాణం," అంది. పెట్టాడు. చెల్లెలు నవ్వింది, నవ్వుతూనే ముక్కు చీదింది.

"ఇది కాదు, నీకు ఇంకోటి చూపించాలి," అన్నాడు అన్న. ముందుకి జరిగి కూర్చున్నాడు. ఈ నాలుగు రోజులూ ఆ మాట కోసమే ఆగినట్టుంది ముఖం. "అమ్మ పడిపోయిన చెయ్యి ఎత్తుతుంది. నా కోసమే ఎత్తింది. చూశాడా అని అడుగుతుంది నన్ను. ఒరేయ్ చిన్నోడా, అది పెట్టు."

"అది లేదన్నయ్యా."

"లేకపోవడమేంట్రా. మొన్న చూశాంగా."

"తీసేశాను. అమ్మ మంచాన పడ్డాక తీసినవన్నీ తీసేశాను."

"ఉండనీ అన్నానుగా."

"వదిన వద్దంది. తన ముఖం, గొంతు ఈ ఇంట్లో ఉండకూడదంది. కింద ఏం రాశామో అడిగింది. చెప్పాను."

చెల్లెలు కాళ్ళు కిందికి దించింది. అన్న ముఖం ఎర్రబడింది. తర్వాత గబగబా జేబులోంచి ఫోను తీశాడు.

"నాకు పంపిందిగా. అందరం ఉన్న గ్రూపులో పంపేది. ఇందులో ఉండి తీరాలి."

వేలితో పైకి జరిపాడు. జరుపుతూనే ఉన్నాడు. శుభోదయాలు, కరెంటు బిల్లులు, ఎవరి పుట్టినరోజులో. ఆ వెనకాల వచ్చాయి. వరసగా మసకమసగ్గా చిన్న గళ్ళు. ఒక్కొక్కదాని మధ్యలోనూ కిందికి చూసే బాణం. ఒక్కటీ తెరవలేదని ఆ బాణాలే చెబుతున్నాయి. అన్న ఒకదాని మీద నొక్కాడు. గుండ్రంగా తిరిగింది. ఆగింది. కింద ఏవో అక్షరాలొచ్చాయి.

చెల్లెలు అతని భుజం మీంచి వంగి చదివింది. "ఈ వీడియో ఇప్పుడు అందుబాటులో లేదు. పంపినవారిని మళ్ళీ పంపమని అడగండి."

"వదిన దగ్గర ఉన్నాయి," అన్నాడు చిన్నోడు. "అడుగు అన్నయ్యా."

అన్న తల ఎత్తలేదు. పక్క గడి మీద నొక్కాడు. అదే మాట వచ్చింది. దాని పైది నొక్కాడు.

"చాల్లే అన్నయ్యా. నా ఫోన్లోనూ అవే బాణాలు," అంది చెల్లెలు మెల్లగా.

చిన్నోడు లేచి టీవీ ఆపేశాడు. అతని భార్య లైటు వేసింది. అన్న వేలు మాత్రం ఆగలేదు. ఒక్కొక్క బాణాన్నే నొక్కుతూ, అదే మాట రాగానే దాని పైదాని మీదికి పోతూ, అమ్మ మంచాన పడ్డ మొదటి రోజుల దాకా వెళ్ళాడు.